బల్ల మీద మస్కి స్టేషన్

మా మస్కి పేరు చరిత్ర చదివినవారికి తెలుసు. దేవానాంప్రియుడంటే అశోకుడేనని తేల్చిన శాసనం 1915లో ఇక్కడే బయటపడింది. కానీ ఊరికి రైలు లేదు. 2024లో సింధనూరు దాకా బండి వచ్చింది, అంతే.

"అయితే మనింట్లోనే స్టేషన్ కట్టేద్దాం తాతయ్యా" అంది బెంగుళూరు నుంచి సెలవులకొచ్చిన మనవరాలు. నిజం రైలులో 87వ వంతుండే బొమ్మ రైలు తెచ్చుకుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క మీద పని మొదలుపెట్టాం.

ముందే జిగురు పూయకూడదు. పట్టాలన్నీ పరిచి, గుండుసూదులతో నిలిపి, బండిని పదిసార్లు తిప్పి చూడాలి. అతుకు దగ్గర వేలితో రాస్తే గరుకు తగలకూడదు. ఎండకు లోహం సాగుతుంది, వానకు చెక్క ఉబ్బుతుంది. అందుకని అక్కడక్కడ అతుకుల్లో విజిటింగ్ కార్డు మందాన సందు వదిలాం. తర్వాతే పల్చగా జిగురు. పట్టాలు మారే చోట, కదిలే భాగాలకు అది అంటకుండా చూసుకోవాలి.

చివరికి కంకర. కుంచెతో సర్ది, గిన్నెల సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్ళు చిలకరించి, సగానికి సగం నీళ్ళు కలిపిన జిగురును ఇంకుఫిల్లరుతో పోశాం. సబ్బు లేకపోతే జిగురు లోపలికి ఇంకదు, పైనే ముత్యంలా నిలుస్తుంది.

"నిజం పట్టాలకు జిగురుండదుగా?" అని అడిగింది. అక్కడ బరువే పట్టి ఉంచుతుంది. రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పట్టాలను కదలనివ్వవు. పొడవు 87వ వంతయితే బరువు ఆరున్నర లక్షల వంతుకు పడిపోతుంది. ఆ లోటు జిగురే తీర్చాలి.

మా నాన్నగారు తుంగభద్ర కాలువ కొత్తలో గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపులో పాక వేశారు. ఇప్పుడు మా అబ్బాయి ఇల్లు అమ్మేసి బెంగుళూరు వచ్చేయమంటున్నాడు. మా ఆవిడకూ అదే మనసు. నాకే కాలు కదలడం లేదు.

అది పిల్ల చెవిన పడినట్టుంది. "మీరొచ్చేస్తే ఇది ఊడదా తాతయ్యా?" అంది.

వడ్రంగులు వాడే మామూలు తెల్ల జిగురమ్మా, తడిపి కాసేపుంచితే మెత్తబడుతుంది, పట్టాలు విరగకుండా లేస్తాయి, ఇంకో చెక్క మీద పరుచుకోవచ్చని చెప్పాను.

ఇంటి సంగతి ఇంకా తేలలేదు. స్టేషన్ బోర్డు మీద మాత్రం మస్కి పేరు కన్నడంలోనూ తెలుగులోనూ రాయించుకున్నాం.