సీడ్ ఫండింగ్ అంటే జీడిపిక్కలే

మా ఆఫీసులో ఎవరిని కదిపినా స్టార్టప్, సీడ్ ఫండింగ్, ఏంజెల్ ఇన్వెస్టరు... ఇవే కబుర్లు. మా రాజవొమ్మంగిలో మా అక్కకి కావలసిందీ సీడ్ ఫండింగే. కాకపోతే అక్షరాలా గింజల కోసం!

సంగతేంటంటే, మా ఏజెన్సీలో జీడితోటలు ఎక్కువ. పిక్కల కాలం మార్చి నుంచి మే దాకా, మహా అయితే మూడు నెలలు. ఆ పిక్కలన్నీ కొండ దిగిపోయి మోరి, పలాస లాంటి చోట్ల పప్పవుతాయి. నాలుగైదు కిలోల పిక్కలకి కిలో పప్పొస్తుంది. ఆ పని ఊళ్ళోనే ఎందుకు చెయ్యకూడదని అక్క పట్టుదల. ఉడకబెట్టే బాయిలరు, కోత మిషన్లు, డ్రయ్యరు... ఇవి పెద్ద సమస్య కాదు. ఏడాదికి సరిపడా పిక్కలు ఆ మూడు నెలల్లోనే రొక్కమిచ్చి కొనాలి, అదీ అసలు చిక్కు. కిలో 100 రూపాయలనుకున్నా 5 టన్నులకి 5 లక్షలు. పైగా షావుకార్లు ముందే, చేతిలో డబ్బాడని రోజుల్లో అడ్వాన్సులిచ్చి పంట రాయించేసుకుంటారు.

2023లో పీఎంఈజీపీ (2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి పథకం) కాయితాలు నేనే చదివి అక్కకి చెప్పాను. పల్లెలో ఎస్టీలకి 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. అంటే 10 లక్షల యూనిట్‌కి మనం 50 వేలు పెడితే బ్యాంకు తొమ్మిదిన్నర లక్షలిస్తుంది. అయితే మూడున్నర లక్షల సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ ఇవ్వరు, అప్పులో ఆ మేరకి వడ్డీ తీసుకోరు. "అప్పు ఇత్తానని సబ్సిడీ దాచేత్తారేటి తమ్ముడా?" అంది అక్క. తీసుకుని పారిపోతారని భయం అన్నాను. "పారిపోయి ఎక్కడికెళ్తాం, అడివిలోకా?" అంది :)

సరే, బ్యాంకుకెళ్ళాం (ఏ బ్యాంకన్నది అనవసరం). 10 లక్షల దాకా తనఖా అడగకూడదని అప్పట్లో రిజర్వు బ్యాంకు రూలు ఉండేది. అయినా మేనేజరు మొదటి ప్రశ్న, "భూమి కాయితాలున్నాయా?" అనే. ఉన్నా ఆయనకి పెద్దగా పనికిరావు. 1959 రెగ్యులేషను, దానికి 1970లో చేసిన సవరణ (మా వైపు 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు) ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనులకే అమ్మాలి. వేలం వేసినా కొనేవాళ్ళు తక్కువ.

ఈ చట్టమే అడ్డమని, ఎత్తేస్తే పెట్టుబడులు వాటంతటవే వస్తాయని వాదించే మిత్రులున్నారు. నేనొప్పుకోను. 1879 రంప పితూరీకి చిగురుపన్ను ఒక కారణమైతే, మైదానం వర్తకులు చిన్న చిన్న అప్పులకి కోర్టు డిక్రీలు తెచ్చి గిరిజనుల ఆస్తులు పట్టుకుపోవడం ఇంకో కారణం. తాకట్టు పెట్టే వీలుంటే అప్పు పుడుతుంది, నిజమే. పదేళ్ళ తర్వాత తోట ఎవరి పేరున ఉంటుందో కూడా చెప్పాలి కదా! బ్యాంకు చూడాల్సింది భూమిని కాదు, గోడౌన్లో ఉన్న పిక్కల్ని.

మరి డ్వాక్రా? గ్రూపుకి 10 లక్షలిచ్చినా పదిమందీ తలో లక్షా పంచుకుంటారు. ఒకరికి ఇంటికప్పు, ఒకరికి మేకలు, ఒకరికి కొడుకు ఫీజు. తప్పేం లేదు, అవీ అవసరాలే. కానీ యూనిట్‌కి అదెక్కడ సరిపోతుంది?

మేం నలుగురు ఫ్రెండ్స్ తలో కొంత అప్పిద్దామనుకున్నాం. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి 1960 నుంచీ వేరే రెగ్యులేషనుంది. వడ్డీ లేకుండా ఇస్తామంటే అక్క ఒప్పుకోదు, దానం తీసుకున్నట్టుంటుందట. చివరికి పప్పుకే ముందుగా డబ్బు కట్టే పద్ధతి తేలింది. "మరి షావుకారు చేసేదీ అదే కదా?" అని ఒకడన్నాడు. నిజమే, అడ్వాన్సు అడ్వాన్సే. కాకపోతే షావుకారు ధర ఇచ్చేరోజే తెగ్గొడతాడు. మేం పప్పు చేతికొచ్చిన రోజు హైదరాబాదు మార్కెట్ ధర కడతామని కాయితం మీద రాసుకున్నాం.

అక్క ఆ కాయితంలో ఇంకో వాక్యం రాయించింది. పంట పోతే ఆ ఏడు డబ్బు అడగకూడదు, మరుసటి ఏడు పప్పే తీసుకోవాలి. మావాళ్ళలో ఇద్దరు సంతకం పెట్టారు, ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు.