ఒకే మందు, వేరే పేర్పు



మొన్న నర్సీపట్నం కాంప్లెక్స్‌లో చింతపల్లి బస్సు కోసం కూర్చుంటే, డిగ్రీ చదివే మన పిల్లాడొకడు అడిగాడు. "అన్నా, ఫార్మా కంపెనీలో కెమిస్ట్రీ ఎక్కడుంది? అంతా మెషిన్లే కదా?" ఇంతలో బస్సు వచ్చేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మనింట్లో కట్టెలు గుర్తు తెచ్చుకోండి. బిగించి పేరిస్తే తొందరగా అంటుకోవు, వదులుగా పేరిస్తే భగ్గుమంటాయి. కట్టెలు మాత్రం అవే. మందు కూడా అంతే. అణువు ఒక్కటే, స్ఫటికంలో పేర్పు వేరు. దీన్నే పాలీమార్ఫిజం అంటారు. పేర్పు మారితే కరిగే తీరు మారుతుంది.

ఆశ్రమ స్కూల్లో నులిపురుగుల బిళ్ళ మింగాం కదా. ఇప్పుడిచ్చేది ఆల్బెండజోల్. దాని చుట్టం మెబెండజోల్‌కి ఎ, బి, సి అని మూడు ఫారాలున్నాయి. పనికొచ్చేది సి. ఎ-ఫారం సరిగా కరగదు, పురుగు మీద పెద్దగా పనిచేయదు. కంటికి మూడూ తెల్ల పొడే. ఐఆర్‌లో పెడితే ఎన్-హెచ్ బంధం పీక్ ఎ-ఫారానికి 3370 దగ్గర, సి-ఫారానికి 3410 దగ్గర వస్తుంది. డీఎస్‌సీలో ఇంకో తిరకాసుంది. వేడి ఎక్కేకొద్దీ సి-ఫారం ఎ-ఫారంగా మారిపోతుంది. కాబట్టి చివరి పీక్ ఒక్కటే చూస్తే మోసపోతాం, ముందొచ్చే చిన్న గుబ్బ చూడాలి.

పెద్ద కంపెనీలకీ దెబ్బ తగిలింది. 1998లో అబాట్ వాళ్ళ హెచ్ఐవీ మందు రిటోనవిర్‌లో, సరిగా కరగని కొత్త ఫారం ఉన్నట్టుండి పుట్టుకొచ్చి, క్యాప్సూల్స్ మార్కెట్లోంచి తీసేయాల్సొచ్చింది.

ఇక నా సంగతి. పరవాడ ఫార్మా సిటీలో చేరిన కొత్తలో ఒక శాంపిల్‌ని కేబీఆర్‌తో కలిపి గట్టిగా నూరి, బిళ్ళలా నొక్కి ఐఆర్ తీశా. రెండు పేర్పులు కలిసినట్టు పీక్‌లొచ్చాయి. బ్యాచ్ పోయిందనుకున్నా. ఏజెన్సీ కుర్రాడిని, తెలుగు మీడియం. అందరూ నా చేతినే అనుమానిస్తారని భయం. అరగంట అలాగే కూర్చుని, చివరికి సీనియర్ మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పా. ఆవిడ "ఎంతసేపు నూరావు?" అని ఒక్కటే అడిగారు.

నూరినా, నొక్కినా కొన్ని మందుల పేర్పు మారిపోతుందట! నూరకుండా ఏటీఆర్ మీద పెడితే ఒకటే ఫారం. మూడు మిల్లీగ్రాములు డీఎస్‌సీలో, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేస్తే ఒకటే పీక్. టీజీఏలో బరువు తగ్గలేదు, అంటే స్ఫటికంలో నీళ్ళు కూడా లేవు. తప్పు బ్యాచ్‌ది కాదు, నా రోకలిది. మొదటి ఐఆర్‌ని చెరపలేదు, కారణం రాసి రిజిస్టర్‌లోనే ఉంచాం.

అన్నట్టు, స్ఫటికాల మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్ళు దూరం చూడక్కర్లేదు. గౌతమ్ దేశిరాజు, అశ్విని నంగియా లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఈ పని చేసింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే. డిగ్రీలో ఉండగా నాకీ సంగతే తెలీదు.

పండక్కి ఇంటికెళ్ళి ఇదంతా అమ్మకి కట్టెలతో చూపించి చెప్పా. అంతా విని, చెల్లి కూతురికి స్కూల్లో ఇచ్చిన బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇందులో ఏ పేర్పుందిరా?"

"చూసి చెప్పలేనమ్మా, మెషిన్‌లో పెట్టాలి" అన్నా.