గట్టు చెరిగినా పొలము పోలేదు



ఈ దినములలో పల్లెటూరి సంఘములలోనూ కంప్యూటరు ఉంటున్నది. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, భూస్థాపన రిజిస్టరు ఫోటోలు తీసి దాచుకుంటున్నాము. కన్వెన్షను ప్రసంగములు, క్రిస్మసు కార్యక్రమములు, పాటలు అన్నీ అరచేతిలో పట్టే ఒక చిన్న పెట్టెలోకి చేరుతున్నాయి. దానినే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అంటున్నాము. అది మొరాయించిన దినమున ఏమి చేయాలో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయకూడదో, మేము కన్నులార చూచినదే ఇక్కడ వ్రాస్తున్నాము.

మా సంఘపు డిస్కు 1 టెరాబైటుది. చెదలు తినివేసిన రెండు పాత రిజిస్టర్ల ఫోటోలు అందులో ఉన్నాయి. ఆ కాగితములు ఇక లేవు. దానితోబాటు ఒక వృద్ధ బైబిలు స్త్రీ సాక్ష్యపు రికార్డింగు కూడా ఉన్నది. ఆమె కాలినడకన ఊరూరు తిరిగి సువార్త చెప్పిన తల్లి. ఇప్పుడు ప్రభువునందు నిద్రించారు. ఆమె స్వరము మరెక్కడా లేదు.

గత వేసవిలో యౌవనస్థులు వి.బి.ఎస్. ఫోటోలు ఎక్కిస్తుండగా కరెంటు పోయి వచ్చింది. తరువాత డిస్కు తగిలిస్తే లోపల ఏమీ లేనట్లు చూపించింది. పట్టణములో ఒక దుకాణమునకు పంపాము. "ఫార్మాట్ చేస్తే పనిచేస్తుంది. లోపలివి మాత్రం రావు" అన్నారు. పెద్దలలో కొందరు సరే అన్నారు. ఆ సాయంకాలమే ఆ తల్లి కుమార్తె మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, అమ్మ గొంతు ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగినది. ఆమెకు జవాబు చెప్పకుండా ఫార్మాట్ చేయుటకు మాకు మనసొప్పలేదు.

మా సంఘములో ఒక యువకుడు లైనక్సు వాడతాడు. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టి, వెల లేకుండా అందరికీ పంచిపెట్టిన పని అది. ఆ యువకుడు డిస్కు తగిలించి, 'ఎల్‌ఎస్‌బిఎల్‌కె' అనే ఆజ్ఞ ఇచ్చాడు. డిస్కు పేరు, పూర్తి పరిమాణము కనిపించాయి. దాని క్రింద ఉండవలసిన భాగము, అనగా పార్టిషను, మాత్రము కనిపించలేదు. 'స్మార్ట్‌సీటీఎల్' అనే మరియొక ఆజ్ఞతో డిస్కు ఆరోగ్యము చూశాడు. చెడిపోయిన సెక్టర్లు ఏవీ లేవు. "డిస్కు చావలేదండీ. పట్టీ పోయింది, అంతే" అన్నాడు.

ఆ పట్టీ సంగతి విన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. పాత పద్ధతి డిస్కులలో మొట్టమొదటి 512 బైట్లలో 64 బైట్లు మాత్రమే ఆ పట్టీకి కేటాయించబడతాయి. ఒక్కొక్క భాగమునకు 16 బైట్ల చొప్పున నాలుగు భాగములు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో అందులో ఉంటుంది. ఆ 64 బైట్లు చెరిగితే లక్ష ఫోటోలున్నా కంప్యూటరుకు కనిపించవు. ఫోటోలు మాత్రము ఉన్నచోటనే ఉంటాయి.

వరదకు గట్లు కొట్టుకుపోయిన పొలమును మన రైతులు ఎరుగుదురు. గట్టు పోయినంత మాత్రమున భూమి పోదు. కొలతలు వేసి మరల గట్టు పోసుకోవచ్చును. అయితే కొలవకముందే ఎవరైనా వచ్చి దున్నితే తగవు తీరదు. డిస్కు విషయమూ అంతే. తెర మీద "ఫార్మాట్ చేయాలా?" అని అడిగినప్పుడు అవును అని నొక్కవద్దు. క్రొత్తది ఒక్క పాటైనా దానిలోకి ఎక్కించవద్దు.

మొదట ఆ యువకుడు డిస్కును బాగుచేయలేదు, నకలు తీశాడు. 2 టెరాబైట్ల మరియొక డిస్కు తెచ్చి, 'డీడీరెస్క్యూ' అనే ప్రోగ్రాముతో మొదటి బైటు నుండి చివరి బైటు వరకు అందులోకి దింపాడు. ఇక్కడ జాగ్రత్త అవసరము. ఎక్కడనుండి అనేది ముందు, ఎక్కడికి అనేది తరువాత వ్రాయాలి. తారుమారైతే ఉన్నది పోతుంది. మా పాత కంప్యూటరులో అది రాత్రంతా సాగినది. నడుమ రెండుసార్లు కరెంటు పోయినా నష్టము కలుగలేదు. ఎంతవరకు వచ్చిందో ఆ ప్రోగ్రాము వేరొక ఫైలులో వ్రాసుకుంటుంది. ఆగినచోటనే మరల మొదలుపెట్టాడు.

తెల్లవారిన తరువాత 'టెస్ట్‌డిస్క్' అనే ప్రోగ్రామును ఆ నకలు మీద నడిపించాడు. అది పాత గట్ల ఆనవాళ్లు వెదకి పోయిన భాగమును కనుగొన్నది. ఫైళ్ల పేర్లు వరుసగా తెర మీదికి వచ్చాయి. రిజిస్టర్లు వచ్చాయి. కరెంటు పోయిన సమయములో ఎక్కుచున్న కొన్ని ఫోటోలు మాత్రము రాలేదు. అవి పిల్లల ఫోనులలో ఉన్నందున మరల తీసుకున్నాము. ఆ బైబిలు తల్లి కుమార్తెకు కబురు పంపాము. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుండక నిలువబడియే తల్లి మాట విన్నది.

అన్నీ భద్రమైన తరువాతనే పాత డిస్కును క్రొత్తగా పంచుకున్నాము. 'జీపార్టెడ్' అనే ప్రోగ్రాములో ఈసారి జీపీటీ పద్ధతి ఎంచుకున్నాము. అందులో పట్టీ ఒకటి డిస్కు మొదట, దాని నకలు డిస్కు చివర ఉంటుంది. మొదటిది చెరిగినా రెండవది సాక్ష్యమిస్తుంది. రిజిస్టర్లకు, రికార్డింగులకు 600 జీబీ భాగమును ఈఎక్స్‌టీ4గా చేశాము. చేయబోవు మార్పును ముందుగా చిట్టాలో వ్రాసుకొనే పద్ధతి అది. మిగిలిన భాగమును ఎక్స్‌ఫ్యాట్‌గా ఉంచాము. విండోసు కంప్యూటర్లు దానిని చదువుతాయి గనుక ఇచ్చిపుచ్చుకొనుటకు వీలు. "వెయ్యి జీబీ అన్నారు, 931 మాత్రమే చూపుతున్నదేమి?" అని ట్రెజరరుగారు అడిగారు. ఎవరూ తినలేదు. తయారుచేసినవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది.

ఈ పని చూస్తుండగా యోషీయా రాజు దినములు మాకు జ్ఞాపకము వచ్చాయి. ధర్మశాస్త్ర గ్రంథము మందిరములోనే ఉన్నది, అయినను అది ఉన్నదని ఎరిగినవారు లేరు. హిల్కీయాకు అది దొరికిన దినమున దేశమంతా కదిలినది. కనబడనిది లేనిదే అనుకొనుట మనుష్యులకు సులువు. డిస్కు విషయములోనే గాక మనుష్యుల విషయములోనూ అట్లే చేస్తాము. రెండేండ్లు ఆరాధనకు రాని సహోదరుని పేరు కొట్టివేయుదమని కమిటీలో అంటాము. త్రాగుడులో పడిన కుమారుని గూర్చి, వాడు మాకు లేడు అని తండ్రి అంటాడు. అది కూడా ఫార్మాట్ చేయుటయే. గట్టు చెరిగి ఉండవచ్చును, పొలము అక్కడనే ఉన్నది. దున్నకముందు వెళ్లి వెదకుదము.

సంఘ కార్యదర్శులకు మూడు మాటలు చెప్పి ముగిస్తాము. విలువైన వాటిని రెండు డిస్కులలో ఉంచి, రెండవది వేరొక ఇంటిలో పెట్టండి. ఎజెక్ట్ చేయకుండా తీగ లాగవద్దు. డిస్కు టకటకమని శబ్దము చేస్తే వెంటనే ఆపి, తెలిసినవారికి చూపండి, ఈ ప్రోగ్రాములు దానిమీద నడపవద్దు. ఆ తల్లి సాక్ష్యము ఇప్పుడు మూడు ఇండ్లలో ఉన్నది. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.