క్యూబా పొగాకు సీమ

స్త్రీల పత్రికలో చుట్టలను గూర్చి వ్రాయుట యేమని కొందఱు సోదరీమణులు ముక్కుపై వ్రేలిడుకొందురేమో. నేను చుట్ట త్రాగుదానను గాను. కాని శ్రీకాకుళము సీమలో పుట్టిన ఆడువారికి ఈ ప్రసంగము క్రొత్తది కాదు. అచ్చటి పల్లెలలో ముసలమ్మలు నిప్పుకొనను నోటిలోనికి ద్రిప్పి అడ్డపొగ పీల్చుట కలదు. మా అమ్మమ్మయు నట్లే పీల్చెడిది. గోదావరి లంకల ఆకును తడిపి, ఈనె తీసి, చుట్టి, దారము కట్టి యామెకు దినమునకు నాలుగేసి చుట్టలు సిద్ధపఱచుట పదేండ్ల ప్రాయమున నా పని. మా తాతగారు నాకు చదువు చెప్పిరి గనుక, మధ్యాహ్నవేళ అమ్మమ్మయు ఇరుగుపొరుగు స్త్రీలును పప్పు చెరుగుచు, విస్తళ్లు కుట్టుచు గూర్చుండగా భాగవతము చదివి వినిపించుటయు నా పనియే. ఈ రెండు పనులును మరల నాకొక్కచోట గనబడినవి. ఆ చోటు క్యూబా ద్వీపము.

2018 సంవత్సరాంతమున మా మఱదలి పురుటికై నేను టొరంటో నగరమునకు బోవలసివచ్చెను. ఆమెకు తల్లి లేదు. మా అమ్మకు అంతదూరము ప్రయాణము చేయు శక్తి లేదు. మా వారు బడి విడిచి రాలేకపోయిరి. 2019 ఫిబ్రవరి నాటికి పసివానికి మూడు నెలలు నిండినవి. కనడా దేశస్థులు మంచుకాలమున ఎండపొడకై క్యూబాకు బోవుట వాడుక. మా తమ్ముడును, ‘నాలుగు గోడల నడుమ నుండి నీ ముఖము వాడిపోయినది, అప్పా’ యని మమ్మందఱను విమానమెక్కించెను.

హవానా నగరపు పాతకార్లను గూర్చి చూచినవారందఱును వ్రాసినదే గనుక నేను విడిచెదను. అచ్చట చూచిన సిగార్ల కర్మాగారము మాత్రము చెప్పదగినది. సిగారనగా మన చుట్టకు జ్ఞాతియే. పెద్ద హాలులో బడిబల్లలవలె వరుసలు, బల్ల కొక్కరు, వారిలో స్త్రీలే యెక్కువ. 1959 నాటి విప్లవమునకు ముందు చుట్టు పని చాలవఱకు మగవారిది; ఆడువారికి ఈనెలు తీయుట, ఆకులు వేఱుపఱచుట మాత్రమే దక్కెడిది. 1960 తరువాతి యేండ్లలో ఎల్ లగీతో అనుచోట స్త్రీలకు ప్రత్యేకముగా ఈ విద్య నేర్పిరి. 1966లో బయలుదేరిన కొహీబా యను పేరుమోసిన సిగారు వారి చేతిపనియే. క్యూబా కన్యలు తొడలపై సిగార్లు చుట్టుదురను మాట యొకటి లోకమున వ్యాపించియున్నది. అది శుద్ధాబద్ధము. కొయ్యపలకపై, చావేటా యను అర్ధచంద్రాకారపు కత్తితో ఆకు కోసి చుట్టుదురు. ఆకులను ఒడిలో పఱచుకొని వేఱుచేయు స్త్రీలను జూచి యే రసికుడో కల్పించియుండును.

ఆ హాలులో ఎత్తైన పీఠముపై నొక స్త్రీ కూర్చుండి బిగ్గరగా చదువుచుండెను. ఇది 1865లో హవానాలో మొదలైన యాచారము. ప్రొద్దుట వార్తాపత్రిక, పిమ్మట నవల. తొలినాళ్లలో పనివారే తమ కూలిలో తలా కొంత వేసి చదువరికి జీతమిచ్చుకొనిరి. 1866లో దొరతనమువారు దీనిని మాన్పించిరి గాని యాచారము చావలేదు. వినినది మనసునకు నచ్చినచో పనివారు కత్తులను పలకలపై టకటక తట్టుదురు. మోంటెక్రిస్టో యను సిగారునకు ఆ పేరు ఇట్లు చదువబడిన డ్యూమా నవలనుండియే వచ్చినదని చెప్పుదురు. నాకు స్పానిషు భాషలో నొక్కమాటయు దెలియదు. అయినను ఆమె యెచ్చట ఊపిరి పీల్చుకొనునో, ఎచ్చట గొంతు దించునో గమనించుచు ద్వారముకడనే నిలిచిపోతిని. గజేంద్రుని మొఱ చదువునప్పుడు చేటలు కదలుట మానెడి మా యింటి వసారా కన్నులకు గట్టినది. మా తమ్ముడు రెండుమారులు పిలిచెనట, నేను వినలేదు.

మఱునాడు పడమటగా ఇంచుమించు 180 కిలోమీటర్లు పోయి పినార్ దెల్ రియో మండలములోని విన్యాలెస్ లోయ చేరితిమి. పండుకొన్న యేనుగులవంటి సున్నపురాతి గుట్టలు, వాని నడుమ గుంకుమవన్నె నేల, కాడికి గట్టిన యెడ్లు, తాటాకు పాకలను బోలిన పొగాకు కొట్టములు. 1999లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో జేర్చిరి. ఇచటికి దక్షిణముగా సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ అను రెండు సీమలు కలవు. పైపొరకు దగిన మిక్కిలి మేలైన ఆకు అచ్చటిదే. ఎండ నేరుగా సోకిన ఆకు మందమగునని తోటలకు తోటలే తెల్లని పలుచని గుడ్డక్రింద బెంచుదురు.

మేము దిగిన రైతుయింటిలో కోత సాగుచుండెను. ఆకును మొక్కమొదట నుండి పైకి, రెండు మూడేసి చొప్పున, దినముల యెడమిచ్చి కోయుదురు. స్త్రీలు సూది దారముతో ఆకులను జతలుగా గ్రుచ్చి కఱ్ఱలకు వ్రేలాడగట్టుచుండిరి. అడుగు ఆకు చక్కగా మండును. నడిమి ఆకు సువాసన నిచ్చును. కొన ఆకు మిక్కిలి ఘాటు, నిదానముగా గాలును. ఈ మూటిని తగుపాళ్లలో గలుపుటయే నేర్పు. కొట్టములో ఇంచుమించు ఏబది దినములారిన పిదప ఆకును గుట్టలువేసి మాగబెట్టుదురు. అప్పుడు దానిలోని కారపు వాయువు ముక్కు బ్రద్దలగునట్లు వెడలిపోవును. ఊరగాయ నెఱిగిన మనకు మాగుట యన నేమో చెప్పనక్కఱలేదు. ఆ యింటి ముదుసలి సిగారు చుట్టి, కొనను తేనెలో ముంచి వచ్చినవారి కందిచ్చుచుండెను. వారందఱు ఆహా యని మెచ్చుకొనుచుండిరి. వారు మెచ్చినది తేనెను.

ఇక రుచిమాట. మా తమ్ముడు టొరంటోలో నికరాగువా సిగారొకటి, డొమినికను సిగారొకటి కొని తెచ్చియుండెను. రాత్రి వసారాలో వానిని క్యూబాదానితో జేర్చి నా కన్నులు మూయించి, ముట్టింపకయే వాసన చూడుమనెను. మొదటిది మెత్తనిది, పాలమీగడవంటి కమ్మదనము. రెండవది మన్ను, తోలు, తేనె, దేవదారు పెట్టె అన్నియు నొకదానివెనుక నొకటి తోచినవి. మూడవది మిరియపు ఘాటు. మూడవదానిని పట్టుకొని ‘ఇది అమ్మమ్మది’ యంటిని. క్యూబాది రెండవది, మొదటిది డొమినికను, నేను పట్టుకొన్నది నికరాగువాది. ముట్టించిన పిదప తమ్ముడు చెప్పిన రుచులును ఇంచుమించు నిట్లే యుండెను. అయితే క్యూబా సిగారు బిగువుగా జుట్టబడినందున రెండుమారు లాఱిపోయినది. నికరాగువాది కడవఱకు సమముగా గాలినది. పేరుబడినదెల్ల లోపము లేనిదని యనుకొనరాదు.

ఈ భేదమునకు గారణము విత్తనము కాదు. 1960లో క్యూబా ప్రభుత్వము పొగాకు కర్మాగారములను స్వాధీనము చేసికొనగా, యజమానులును తోటకాపులును అనేకులు దేశము విడిచి డొమినికను దేశమునకు, హోండురాసునకు, నికరాగువాకు బోయిరి. క్యూబా జాతి విత్తనమును అచ్చట నాటిరి. ఒకే కొలతతో బెట్టిన ఆవకాయ రెండిండ్లలో రెండు రుచులైనట్లు, ఎస్తెలీ ప్రాంతపు అగ్నిపర్వతపు నల్లమట్టిలో ఆ విత్తనమే మిరియమైనది. మఱియొక భేదము: క్యూబా సిగారులోని ఆకంతయు ఆ ద్వీపమున బండినదే. ఇతరులు పైపొరను ఈక్వడారునుండి, లోపలి ఆకును వేఱొక దేశమునుండి దెచ్చి కూర్తురు. ఒక నేల రుచి కావలెనన్న క్యూబాది. పలు నేలల పొందిక కావలెనన్న తక్కినవి. పేర్లుమాత్రము రెండువైపుల నొక్కటే యుండుట చిత్రము: మోంటెక్రిస్టో, రోమియో-జూలియెట్ అచ్చటను గలవు, ఇచ్చటను గలవు. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబా సరకును నిషేధించెను. ఆ పత్రముపై వ్రాలుచేయుటకు ముందు తనకొఱకు పన్నెండువందల క్యూబా సిగార్లు కొని తెప్పించుకొనెనని ఆయన కార్యదర్శి సాలింజరు తరువాత జెప్పెను. మగవారి నిష్ఠ యట్లుండును.

నేను నవ్వుచునే యుంటిని గాని, ‘అమ్మమ్మది’ యని నా నోట వచ్చిన మాట నన్ను విడువలేదు. అమ్మమ్మకు అంగిటిలో మొదట తెల్లని మచ్చ లేచినది, పిదప పుండైనది, విశాఖపట్టణము గొనిపోవునప్పటికి ఆలస్యమైనది. అడ్డపొగ వలన అంగిటికి క్యాన్సరు కలుగునని మా ప్రాంతముననే పరీక్షలు చేసి 1970 ప్రాంతములందే వైద్యులు ప్రకటించియుండిరి. ఆ సంగతి మా వసారా వఱకు రాలేదు. చివరి నెలలలో ఆమె మెతుకు మ్రింగలేక, చదువుమని మాత్రము సైగచేసెడిది. తమ్ముడప్పుడు పసివాడు, వానికేమియు దెలియదు. ‘ఆ చుట్టలు నేనే చుట్టియిచ్చెడిదానను’ అని వానితో నా రాత్రియే మొదటిసారి చెప్పితిని. వాడు మాటలాడలేదు. నికరాగువా సిగారు కొస మిగిలియుండగా ఆఱిపోయినది. వాడు మరల ముట్టింపలేదు.

ఆ రాత్రి కప్పుకొన్న శాలువను ఉతుకకయే పెట్టెలో నుంచితిని. ఏప్రిల్ నెలలో నేనింటికి వచ్చినప్పుడు మా అమ్మ పెట్టె విప్పి, శాలువ దులుపబోయి, ముఖమునకు జేర్చుకొని, ‘ఇది మా అమ్మ చీరవాసనే, నీకెచ్చట దొరికినది?’ యనెను. నికరాగువా పేరు నేను చెప్పలేదు.