ఆత్మకూరులో ఆగితేనే ఉదయగిరి
అమ్మానాన్నలతో మా పాత కారులో నెల్లూరు నుంచి ఉదయగిరి కోటకి బయల్దేరా. ఆత్మకూరులో స్టీరింగ్ బిగుసుకుపోయింది. తిప్పితే ఒకటే మూలుగు. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, ఆపి మళ్లీ స్టార్ట్ చేశా. ఊహూఁ!

మెకానిక్ బానెట్ ఎత్తాడు. పవర్ స్టీరింగ్ డబ్బాలో ఆయిల్ అడుక్కి పోయింది, పైన నురగ. గొట్టం క్లిప్పు వదులై కారుతోంది.

"ఆయిల్ పోసేయ్ అన్నా, వెళ్లిపోతాం."

"కారేది ఆపకుండా పోస్తే దారిలో మల్లా ఇదే అబ్బయ్యా. లోపల గాలి కూడా తియ్యాల."

క్లిప్పు మార్చి, ఆయిల్ పోశాడు. ముందు చక్రాలు పైకి లేపి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పించాడు, బుడగలు ఆగేదాకా.

"చివరికంటా తిప్పి అట్టే పట్టుకోబాక. పంపు పోద్ది."

గంటన్నర పోయిందని విసుక్కున్నా. కోట కింద నిలబడ్డాక నవ్వొచ్చింది. 1514లో ఇది చేజిక్కడానికి ముందు శ్రీకృష్ణదేవరాయలే నెలల తరబడి ముట్టడి వేసి కూర్చున్నాడు. వెనక సీట్లో అమ్మానాన్న ఉన్నప్పుడు నాకు గంటన్నర ఎక్కువా?