శత్రుశేషం

అగ్నిశేషం, ఋణశేషం, శత్రుశేషం మిగల్చరాదని పెద్దలు చెబుతారు. నిప్పును నీళ్లతో ఆర్పవచ్చు, అప్పును సొమ్ముతో తీర్చవచ్చు. మరి ఓడిపోయిన దేశాన్ని ఏమి చేయాలి? దాన్ని అణగదొక్కితే శత్రుశేషం పోతుందా, లేక పెరుగుతుందా? ఇరవయ్యో శతాబ్దం ఈ ప్రశ్నను రెండుసార్లు ఎదుర్కొంది: 1919లో పారిస్ సమీపంలోని వెర్సాయ్‌లో, 1951లో అమెరికా పడమటి తీరాన ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో.

వెర్సాయ్ రాజప్రాసాదంలో అద్దాల మందిరం ఒకటి ఉంది. 1871లో ఫ్రాన్సును ఓడించిన జర్మన్లు తమ సామ్రాజ్యాన్ని ప్రకటించుకున్నది అక్కడే. ఫ్రాన్సు ఆ పరాభవాన్ని మరువలేదు. 1919 జూన్ 28న అదే మందిరంలో జర్మనీ ప్రతినిధులచేత సంధిపత్రంపై సంతకాలు చేయించారు. షరతులపై ముఖాముఖి చర్చకు వారికి అవకాశమివ్వలేదు. చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి ఇమ్మన్నారు. సంధిలోని 231వ నిబంధన యుద్ధనష్టాలకు జర్మనీని, దాని మిత్రదేశాలను బాధ్యులను చేసింది. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. బ్రిటిష్ ప్రతినిధివర్గంలో ఉన్న ఆర్థికవేత్త కీన్స్ సంతకాలకు ముందే రాజీనామా చేసి, ఈ సంధి ఐరోపాను దారిద్ర్యంలోకి నెడుతుందని ఆ ఏడాది చివరనే ఒక గ్రంథంలో హెచ్చరించారు.

ఉత్తర ఫ్రాన్సులో గనులు, పొలాలు, పల్లెలు ధ్వంసమైన మాట నిజం. పరిహారం కోరడం అన్యాయమని ఎవరూ అనలేరు. కాని పరిహారంతోపాటు పరాభవాన్ని కూడా వడ్డించారు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం జర్మనీలో లక్షలాదిమందిని నిరుద్యోగులను చేసినప్పుడు, ఆ పరాభవమే హిట్లర్‌కు పెట్టుబడి అయింది. 1918 నవంబరు 11న జర్మన్లు యుద్ధవిరమణకు సంతకం చేసిన రైలుపెట్టెను ఫ్రెంచివారు ప్రదర్శనశాలలో భద్రపరిచారు. 1940 జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోగానే హిట్లర్ ఆ భవనం గోడ పగలగొట్టించి, పెట్టెను బయటికి లాగించి, అందులోనే ఫ్రెంచివారిచేత సంతకం పెట్టించాడు. పరిహారం చెల్లించడానికి జర్మనీ విదేశాల్లో చేసిన అప్పుల చివరి వాయిదా తీరింది 2010 అక్టోబరు 3న!

వెర్సాయ్ పత్రం మీద భారతదేశం పేరు కూడా ఉంది. మాంటెగు, బికనీరు మహారాజు గంగాసింగ్ మన తరఫున సంతకాలు చేశారు. ఆ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సేవచేశారు. ఆ సంతకాలకు రెండున్నర నెలల ముందే, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధులపై తుపాకులు పేలాయి. సంధి సభలో ఆసనం లభించిన దేశానికి స్వంత గొంతు లభించలేదు.

1951 నాటికి ఆ గొంతు వచ్చింది. జపానుతో సంధికి పిలిచిన శాన్‌ఫ్రాన్సిస్కో సభకు నెహ్రూ ప్రభుత్వం వెళ్లలేదు. విదేశీ సైన్యాలు జపానులో నిలిచే ఏర్పాటు, కొన్ని దీవులు అమెరికా చేతిలో ఉండిపోవడం దానికి సమ్మతం కాలేదు. సభకు వెళ్లిన సింహళ ప్రతినిధి జయవర్ధనే తమకు పరిహారం కోరే హక్కు ఉన్నా కోరబోమని ప్రకటించారు. ద్వేషం ద్వేషంతో శమించదన్న బుద్ధుని బోధను గుర్తుచేశారు. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు కొలంబోపై, ట్రింకోమలీపై బాంబులు వేశాయి. అదే వారంలో, ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు పడ్డాయి. 1944లో కోహిమా, ఇంఫాల్ కొండల్లో భారత సైనికులు జపాను సేనలతో పోరాడి ప్రాణాలర్పించారు. ఇంత జరిగినా, 1952 జూన్ 9న భారతదేశం జపానుతో విడిగా సంధి చేసుకొని, పరిహారం కోరే హక్కును పూర్తిగా వదులుకుంది. అంతకు మూడేళ్ల ముందే నెహ్రూ టోక్యో పిల్లల కోరికపై అక్కడి జంతుశాలకు ఒక ఏనుగును పంపారు. దాని పేరు ఇందిర.

అయితే క్షమ గాయపడినవారి సొత్తు. ఇతరులు దాన్ని వారిచేత బలవంతంగా ఇప్పించలేరు. 1945లో మనీలా నగరం శిథిలమైంది. ఫిలిప్పీన్స్ పరిహారం కోరింది. 1956లో 55 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకుంది. అది న్యాయమే. శాన్‌ఫ్రాన్సిస్కోకు చైనాను గాని, కొరియాను గాని పిలవలేదు. ఆ సభలో చెప్పుకోలేకపోయిన బాధలు నేటికీ ఆ దేశాల రాజకీయాల్లో వినిపిస్తూనే ఉన్నాయి. సంతకం చేయని రష్యాకూ జపానుకూ మధ్య దీవుల తగాదా ఇంకా తెగలేదు, శాంతిసంధి ఇంకా కుదరలేదు. ఓడినవారిని అవమానించిన సంధి ఒక రకమైన శేషాన్ని మిగిలిస్తే, నష్టపోయినవారిని పిలవని సంధి మరొక రకమైన శేషాన్ని మిగిల్చింది.

భారత, జపానుల మధ్య మాత్రం అటువంటి పాత లెక్క మిగలలేదు. బాంబులు పడిన పాతికేళ్లకు బైలడిల్లా కొండల ఇనుపరాయి కొత్త రైలుమార్గం మీదుగా విశాఖ రేవుకు దిగివచ్చింది. అక్కడ దాన్ని నింపుకున్న ఓడలు జపాను ఉక్కు కర్మాగారాలకు సాగిపోయాయి.