కదలని సరుకు

6205 అనేది ఒక బేరింగ్ నంబరు. చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది: 25 మిల్లీమీటర్లు. బయటి కొలత 52, మందం 15. ఏ కంపెనీ చేసినా ఇంతే. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు దీన్ని డేటా బుక్‌లో టేబుల్‌గా చూశాను. చేతిలో పెట్టి చెప్పింది మాత్రం నాచారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్ కీపరు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరక్కముందు పది నెలలు ఆయన దగ్గర గుమాస్తాగా చేశాను. తార్నాకలో రూము, పొద్దున షేర్ ఆటో, సాయంత్రం క్యాంపస్ లైబ్రరీ. మెయింటెనెన్స్ వాళ్లు ఇష్యూ స్లిప్ తెస్తే సామాను ఇచ్చి, బిన్ కార్డులో రాయడం నా పని: వచ్చింది, పోయింది, మిగిలింది. మిగిలింది మినిమమ్ లెవెల్‌కి దిగితే ఇండెంటు పెట్టాలి. రోజుకి రెండు వాడే వస్తువు రావడానికి పదిహేను రోజులు పడితే, ముప్పై ఉండగానే ఆర్డరు వెళ్లాలి. నూనె, గ్రీజు, బెల్టులకి ఈ లెక్క సరిపోతుంది. మిషన్లు మాత్రం సగటు చూసుకుని చెడిపోవు.

ఒకసారి మూడేళ్లుగా కదలని సరుకు జాబితా పంపమని పైనుంచి ఆర్డరొచ్చింది, పాత ఇనుము కింద అమ్మేయడానికి. నేను ఎక్సెల్‌లో చేసిచ్చాను. ఆయన ఒక గేర్‌బాక్స్ షాఫ్టు దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"తమ్మీ, ఇది కదల్తలేదని రాసినవ్. ఇది కదిలిన్నాడు ఫ్యాక్టరీ బందైతది. కదలొద్దనే మొక్కుకోవాలె."

"మరి లిస్టుల ఏం రాయాలె సార్?"

ఎర్ర పెన్సిలుతో పక్కన 'వి' అని రాశాడు. వైటల్ అని. స్టోర్స్ వాళ్లకి రెండు లెక్కలుంటాయి. ఏబీసీ లెక్క ఏడాది వాడకం విలువని చూస్తుంది. వాడకమే లేని షాఫ్టు ఎంత ఖరీదైనదైనా అందులో అట్టడుగునే పడుతుంది. వీఈడీ లెక్క అడిగేది వేరు: ఇది లేకపోతే ఏం ఆగిపోతుంది? మొదటిదానికి కంప్యూటరు చాలు. రెండోదానికి మిషను పక్కన నిలబడ్డ మనిషి కావాలి.

ఎర్ర గుర్తులున్నవాటిలో కొన్ని మిగిలాయి, కొన్ని తుక్కు లారీ ఎక్కాయి. షాఫ్టు మిగిలింది. ఆ తర్వాత ఆయన రిటైరయ్యాడు.

తార్నాక నుంచి సికింద్రాబాద్ వెళ్లే దారికి దగ్గర్లోనే లాలాగూడ వర్క్‌షాపు ఉంది, 1893లో నిజాం రైల్వే పెట్టింది. రైల్వే సామాన్లకి ఎనిమిదంకెల పీఎల్ నంబరు ఉంటుంది. అందులో చివరి అంకె, మిగతావి తప్పు రాస్తే పట్టుకోవడానికే. అంకె తప్పితే దొరుకుతుంది. ఫలానా వస్తువుని ఎందుకు ఉంచామో తెలిసిన మనిషి వెళ్లిపోతే ఏ అంకే పట్టుకోదు.

లైబ్రరీలో పుస్తకం వెనక అంటించిన తేదీల చీటీ కూడా నాకు బిన్ కార్డులాగే కనిపించేది. కొన్నిటి మీద చివరి ముద్ర నేను పుట్టకముందుది. అయినా ఎవరో వాటిని ఉంచారు, కాబట్టే నేను చదివాను.

ఇప్పుడు నేను పనిచేసేది స్టోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే. 'ఎందుకు ఉంచాం' అని ఒక గడి పెడదామని మీటింగులో అడిగాను. పెట్టారు, తప్పనిసరి మాత్రం చెయ్యలేదు. చాలావరకు ఖాళీగానే ఉంటోంది. ఎప్పుడైనా ఎవరైనా ఒక వాక్యం రాస్తే ఆగి చదువుతాను.